ఏ రేడియో అన్నది తర్వాత, ముందు వైరు సంగతి చూడండి

శని, ఆదివారాలు ఊరి బయటికి వెళ్లేటప్పుడు పట్టుకెళ్లేలా చిన్న హ్యామ్ స్టేషన్ (లైసెన్స్ తీసుకుని సరదాగా దూరాలతో మాట్లాడుకునే రేడియో సెట్టు) పెట్టుకోవాలి, ఏ రేడియో కొనమంటారు అని అడిగారు. మీకు వచ్చిన జవాబులన్నీ మోడల్ నంబర్లే. నన్నడిగితే రేడియో ఆఖర్న కొనాల్సిన వస్తువు. ముందు యాంటెన్నాకి వైరు, దాన్ని పైకి ఎక్కించే తాడు, బ్యాటరీ, ఈ మూడూ కొనండి. మిగిలిన డబ్బుకి ఏ రేడియో వస్తే అదే మంచి రేడియో.

అసలు బయటికెందుకు వెళ్లాలి అంటారా? హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉండేవాడికి వేరే దిక్కు లేదు కాబట్టి. సాయంత్రం మా ఇంట్లో 7 మెగాహెర్ట్జ్ మీద రేడియో పెడితే సిగ్నల్ బలం చూపే ఎస్-మీటర్ 9 దగ్గర కూర్చుని కిందికి దిగదు. వినపడేది మనుషులు కాదు, పక్కింటి ఇన్వర్టరు, కారిడార్ ఎల్ఈడీ బల్బులు, లిఫ్ట్. టెర్రస్ మీద సన్న వైరు ఒకటి కట్టుకుంటానని అసోసియేషన్‌ని అడిగితే రేడియేషన్ వస్తుంది, పిల్లలున్నారు అన్నారు. అదే టెర్రస్ మీద నెలనెలా అద్దె తీసుకుంటూ సెల్ టవర్ పెట్టించారు. దాని నుంచి మాత్రం పూలవాన కురుస్తుంది కాబోలు. అందుకని నాకు వీకెండ్ స్టేషనే అసలు స్టేషన్.

ఇక వైరు సంగతి. ఒకసారి వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల వైపు నేనూ నా ఫ్రెండూ వెళ్లాం. వాడి దగ్గర ఖరీదైన రేడియో, కలర్ స్క్రీను, బ్లూటూత్, అన్నీ ఉన్నాయి. యాంటెన్నా ఏమో చేతికర్రలా ముడుచుకునే టెలిస్కోపిక్ విప్పు, అంటే నిలువు కడ్డీ, అడుగున కాయిల్, కింద ట్రైపాడ్. రెండు నిమిషాల్లో నిలబెట్టేశాడు. ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా రేడియోకి ఎంత సరిగ్గా కుదిరిందో చెప్పే లెక్క, 1 అయితే పక్కా) 1.3 చూపిస్తోందని నాకు స్క్రీన్ తిప్పి మరీ చూపించాడు. నా దగ్గర 10 వాట్ల కిట్ రేడియో, మేస్త్రీలు గోడ వరసకి కట్టే నారింజ రంగు నైలాన్ దారం, సగం నీళ్లు పోసిన ప్లాస్టిక్ సీసా. దారం సీసాకి కట్టి చెట్టు కొమ్మ మీంచి విసురుతుంటే, మేకలు కాసుకునే పెద్దాయన వచ్చి నిలబడ్డాడు.

"ఏంది సారూ, గా తీగె? కరెంట్ గిట్ల వస్తదా? మా మేకలు తగుల్తే?"

మాట్లాడేటప్పుడు కొసలు ముట్టుకోకూడదు పెద్దయ్యా, అవి మేకలకి అందనంత ఎత్తులో కడతాను అని చెప్పాను. ఆయనకి నమ్మకం కుదిరిందో లేదో గానీ నా విసుర్లు చూడలేక, "గింతదానికి గంత లొల్లా, ఇటియ్యి" అని తన దోటి అందుకున్నాడు. మేకలకి ఆకు రాల్చే పొడుగాటి వెదురుగడ, చివర కొక్కెం. నా యాంటెన్నా డైపోల్, అంటే మధ్యలో రేడియోకి కలిపి రెండు పక్కలా చాచే వైరు. దాని నడిమధ్య కట్టిన దారాన్ని ఆ కొక్కేనికి తగిలించి, నాకంటే రెండింతల ఎత్తున్న కొమ్మ మీద వేసి కిందికి లాగాడు. రెండు కొసలూ చెరో పక్క పొదల మీదుగా దించి, మేకలకి అందకుండా దారంతో కట్టేశాను. ఒక మేక అప్పుడే దారం రుచి చూడటం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం. ఫ్రెండ్ అప్పటికి అరగంటగా పిలుస్తూనే ఉన్నాడు. వాడికి బెంగళూరు స్టేషన్ వినిపిస్తోంది, బెంగళూరుకి వీడు వినిపించడం లేదు. నేను అదే ఫ్రీక్వెన్సీలో పిలిస్తే మొదటి పిలుపుకే ఫైవ్ నైన్ (స్పష్టంగా, బలంగా వినిపిస్తున్నారని) ఇచ్చారు. ఆ వెంటనే విజయవాడ ఆయన కూడా కలిశారు. ఫ్రెండ్ మొహం మాడిపోయింది, సిగ్నల్ ప్రయాణించే కండిషన్స్ మారాయన్నాడు. సరేనని నా వైరు తీసి వాడి రేడియోకి తగిలించాను. బెంగళూరు ఆయన వాడికీ ఫైవ్ నైన్ ఇచ్చి, "ఇప్పటిదాకా ఎక్కడున్నారు?" అన్నారు. పెద్దాయన మాత్రం ఇదంతా విని, "ఫోన్ల మాట్లాడితే అయిపోవు గద" అని మేకల్ని తోలుకుని వెళ్లిపోయాడు. అక్కడ సిగ్నల్ బాగానే ఉంది, ఆయన మాట కాదనలేం.

దీనికి కారణం చెప్తాను. 7 మెగాహెర్ట్జ్ అంటే తరంగం పొడవు 42 మీటర్లు. అందులో సగానికి కాస్త తక్కువ, అంటే 20 మీటర్ల వైరు, ఒక్కో పక్క 10 మీటర్ల చొప్పున కట్టాలి. తక్కువ ఎత్తులో కడితే సిగ్నల్ దాదాపు నిలువుగా పైకి పోయి, వాతావరణం పైపొర అయిన అయనోస్ఫియర్‌లో వెనక్కి తిరిగి, మన చుట్టూ నాలుగైదు వందల కిలోమీటర్ల మేర పడుతుంది. పగటిపూట మనవాళ్లతో మాట్లాడటానికి కావలసింది అదే. నిలువు విప్పు నడినెత్తి మీదికి పంపేది దాదాపు ఏమీ ఉండదు, పైగా పొట్టిది కాబట్టి పవర్‌లో చాలాభాగం కాయిల్‌లోనూ నేలలోనూ వేడిగా పోతుంది. ఎస్‌డబ్ల్యూఆర్ బాగుందని మురిసిపోకండి, యాంటెన్నా బదులు పవర్ అంతా వేడిగా మార్చే డమ్మీ లోడ్ పెడితే 1 చూపిస్తుంది, దాంతో వీధి చివరికి కూడా మాట్లాడలేరు. చాలామంది పోర్టబుల్ స్టేషన్ పెట్టి నెల తిరక్కుండా అమ్మేసుకునేది ఈ విప్పుల వల్లే. కావాలంటే రాసిస్తాను.

నా సంచి భుజానికి వేసుకునేది ఒక్కటే, అందులో పట్టనిది ఇంట్లోనే ఉంటుంది. కరెంటు షాపులో దొరికే సన్న వైరు చాలు. లెక్క కంటే కాస్త పొడుగ్గా కోసుకుని, నానోవీఎన్ఏతో (యాంటెన్నా కొలిచే చిన్న పరికరం) చూసుకుంటూ కొసలు మడుచుకుంటూ రండి. ఆర్‌జీ-58 కోయాక్స్ కేబుల్ (యాంటెన్నానీ రేడియోనీ కలిపేది) పది మీటర్లు చాలు, 7 మెగాహెర్ట్జ్ మీద అంత దూరానికి నష్టం లెక్కలోకి రాదు. బ్యాటరీకి పాత యూపీఎస్‌లోని లెడ్ ఆసిడ్ పీకి తేకండి, బరువుకి నడుము పోతుంది, పైగా సగం వాడేసరికే వోల్టేజి జారుతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ నాలుగు వరసగా ఉన్నది, 12.8 వోల్టులు, 6 ఆంపియర్ అవర్లు, 10 వాట్ల రేడియోకి ఒక పూట హాయిగా వస్తుంది. చవక సోలార్ కంట్రోలర్లు, లాప్‌టాప్ చార్జర్లు వెంట తేకండి, ఏ రొద తప్పించుకుందామని అంతదూరం వచ్చామో దాన్నే సంచిలో మోసుకొచ్చినట్టు. హ్యామ్ లైసెన్స్ జిరాక్స్ మాత్రం ఉండాలి. చెట్టుకి వైరు కట్టి చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకున్న మనిషిని చూస్తే ఎవరికైనా టెన్షనే.

ఇంకో మాట. కొంతమంది ఎమర్జెన్సీ కోసమని సరంజామా అంతా కొని అట్టపెట్టెల్లో దాస్తారు. 2004 డిసెంబరులో హ్యామ్ ఆపరేటర్ భారతి ప్రసాద్ బృందం పోర్ట్‌బ్లెయిర్ వెళ్లింది హాబీ కోసమే, అండమాన్ నుంచి ప్రపంచంతో మాట్లాడదామని. 26న సునామీ వచ్చినప్పుడు వాళ్ల యాంటెన్నాలు అప్పటికే కట్టి ఉన్నాయి, చేతులు అలవాటుపడి ఉన్నాయి, కాబట్టే ఆ రేడియోలు పనికొచ్చాయి. పెట్టెలో ఉన్న స్టేషన్‌కి బ్యాటరీ ఎప్పుడు చచ్చిందో కూడా ఎవరికీ తెలియదు.

లేదు, రేడియో పేరే చెప్పాలి అంటారా? హైదరాబాద్‌లోనే ఉండే అష్హర్ ఫర్హాన్ గారు డిజైన్ చేసిన హ్యామ్ రేడియో బిట్‌ఎక్స్ చూడండి. మొదటి డిజైన్‌లో కాయిల్స్ చుట్టడానికి కుళాయి వాషర్లు వాడిన మనిషి ఆయన, మన బజార్లో దొరికే వాటితో రేడియో కట్టొచ్చని ప్రపంచానికి చూపించాడు. తర్వాత వచ్చిన మైక్రోబిట్‌ఎక్స్ 10 వాట్ల దాకా ఇస్తుంది, పాడైతే మూత తీసి మనమే చూసుకోవచ్చు. టంకం వేయడం రాదంటే యాసు (Yaesu) కంపెనీ ఎఫ్‌టీ-818 సెకండ్‌హ్యాండ్‌లో వెతకండి, 6 వాట్లే అయినా గట్టి పిండం. సెకండ్‌హ్యాండ్‌లో కొంటే మైకు, పవర్ కేబుల్ దాంతోపాటే ఇస్తున్నారా అని ముందే అడగండి. విడిగా కొనబోతే ఆ రెండింటికే ఇంకో డైపోల్ ఖర్చవుతుంది.