సముద్రంలో నూనెకి మందు కొడితే బ్యాక్టీరియాకి మంచిదా, చెడ్డదా?

ప్రశ్న: సముద్రంలో క్రూడాయిల్ ఒలికితే విమానంలోంచి ఏదో కెమికల్ చల్లుతారట, దాంతో బ్యాక్టీరియా నూనెని తొందరగా తినేస్తాయని మావాడు కాలేజీలో విని వచ్చాడు. నేనేమో ఆ కెమికల్ వల్లే బ్యాక్టీరియా పని మందగించిందని చదివాను. వారం నుంచి ఇంట్లో ఇదే గొడవ. ఎవరిది కరెక్టు?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీ ఇంట్లో వారం నుంచేనండీ, సైంటిస్టుల మధ్య ఏళ్ల తరబడి నడుస్తోంది ఈ గొడవ.

ఆ కెమికల్ పేరు డిస్పర్సెంట్. గిన్నెల సబ్బుకి దూరపు చుట్టం. నూనెని మాయం చెయ్యదు, సన్న చుక్కలుగా విడగొట్టి నీళ్లలో కలిపేస్తుంది అంతే. బ్యాక్టీరియా నూనె లోపలికి దూరి తినలేవు, నీళ్లూ నూనే కలిసే అంచు దగ్గరే వాటి భోజనం. ఒక మిల్లీమీటరు చుక్కని అందులో వందో వంతు సైజు చుక్కలుగా చేశారనుకోండి, అదే నూనెకి అంచు వంద రెట్లు పెరుగుతుంది, అంటే వందమంది కూర్చునే బంతిలో పదివేల మందికి విస్తళ్లు వేసినట్టు. మీవాడి వాదన ఇదే, లెక్క ప్రకారం తప్పేం లేదు.

కానీ విస్తరి వేస్తే సరిపోదు కదా, అన్నంలోకి కూర ఉండాలి. నూనెలో దాదాపు అంతా కార్బన్, హైడ్రోజనే, బ్యాక్టీరియా పెరగాలంటే కావలసిన నైట్రోజన్, ఫాస్ఫరస్ సముద్రపు నీళ్లలోంచే తెచ్చుకోవాలి. చుక్కలు దూరదూరంగా చెదిరిపోతే ఒక్కోదాని చుట్టూ అవి సరిపడా దొరుకుతాయి, ఒకేచోట గుంపుగా ఉంటే దొరకవు.

2010 ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ అనే నూనె బావి తవ్వే రిగ్గు పేలి 11 మంది చనిపోయారు, బావికి మూత పడేసరికి 87 రోజులు పట్టింది. అప్పుడు కోరెక్సిట్ అనే డిస్పర్సెంట్ సుమారు 70 లక్షల లీటర్లు వాడారు, అందులో దాదాపు 29 లక్షల లీటర్లు కిందకి, 1500 మీటర్ల లోతులో బావి మూతి దగ్గరే పంపు చేశారు, అంత లోతులో అలా చెయ్యడం అదే మొదటిసారి. లోతులో నూనె తినే బ్యాక్టీరియా బాగానే పెరిగాయి, కాకపోతే మందు కొట్టకపోతే ఇంకెలా ఉండేదో పక్కన పెట్టి చూడ్డానికి రెండో సముద్రం లేదుగా!

మీరు చదివింది బహుశా 2015లో జార్జియా యూనివర్సిటీ వాళ్లు చేసిన స్టడీ గురించి అయ్యుంటుంది. గల్ఫ్ లోతు నీళ్లు తెచ్చి ల్యాబులో చూస్తే, డిస్పర్సెంట్ పడిన సీసాల్లో కోల్వెల్లియా అనే బ్యాక్టీరియా పెరిగిపోయింది, నూనె మీద బతికే మారినోబాక్టర్ అనే ఇంకో బ్యాక్టీరియా మాత్రం తగ్గిపోయింది, నూనెని తినెయ్యడం కూడా స్పీడవ్వలేదు. దీన్ని ఒప్పుకోని వాళ్లూ ఉన్నారు, సీసాలో నూనె ఎక్కడికీ పోలేదు, సముద్రంలో గంటల్లో పల్చబడిపోతుంది, రెండూ ఒకటెలా అవుతాయంటారు. నాకు ఆ అభ్యంతరం సబబుగానే అనిపిస్తుంది, అలాగని ఏ బ్యాక్టీరియా పెరుగుతుందనేది మారిపోతుందన్న మాటని తీసిపారెయ్యలేం. తమాషా ఏంటంటే ఆల్కానివోరాక్స్ అనే బ్యాక్టీరియా నూనె తినడానికి తన సబ్బు తనే తయారుచేసుకుంటుంది, దానికి మన సబ్బు అక్కర్లేదు.

అసలు మందు కొట్టేది బ్యాక్టీరియా కోసం కాదండి, నూనె ఒడ్డుకి, మడ అడవుల్లోకి, పక్షుల మీదకి రాకుండా. దానికి బదులు నీళ్లలో ఉన్న చేపపిల్లలు, గుడ్లు ఆ నూనె మోస్తాయి. ఈ బేరం ఒప్పుకోవాలా వద్దా అన్నదే అసలు తేల్చాల్సింది, మీ అబ్బాయితో ఈసారి దాని మీద వాదించండి.

ప్రశ్న: మరి మామూలు డిటర్జెంట్ పోస్తే సరిపోదా? – ఆవిడే, అదే ఉత్తరంలో కింద

జవాబు: పోశారండీ. 1967లో ఇంగ్లండ్ కార్న్‌వాల్ దగ్గర టోరీ కాన్యన్ అనే క్రూడాయిల్ ఓడ రాళ్లకి గుద్దుకున్నప్పుడు ఒడ్డున సుమారు పదివేల టన్నుల డిటర్జెంట్ గుమ్మరించారు. రాళ్లకి అంటుకుని నాచు తినే నత్తలు గంపల కొద్దీ చచ్చిపోయి రాళ్లన్నీ పచ్చగా నాచు పట్టిపోయాయి, డిటర్జెంట్ పడని రాళ్లు వీటికంటే చాలా ముందే కోలుకున్నాయి.