బడికి వెళ్లబోతున్న చిట్టికి

చిట్టీ,

180 రోజుల సెలవు అయిపోయింది, సోమవారం నుంచి మళ్లీ బడికెళ్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చంటిపిల్లతో రాత్రంతా మేలుకుని పొద్దున్నే క్లాసులో గొంతెత్తి పాఠం చెప్పడమంటే మాటలా! గర్వంగానే ఉంది. కానీ తుమ్మినా, దగ్గినా మూత్రం చుక్కలు పడుతున్నాయని మంచినీళ్లే మానేశావట. ఆ మాట విన్నాక నిద్ర పట్టలేదు.

ప్యాడ్ సంగతి ఒక్కమాట: మూత్రానికని అమ్మేవి వేరే ఉంటాయి, అవే కొనుక్కో.

నీళ్లు మానడం మన ఇళ్లలో తరాలనాటి తప్పు. బాలింత ఎక్కువ తాగితే పొట్ట వస్తుందని చెంబు దాచేసేవాళ్లు. చదువుకున్న నువ్వూ అదే దారి పట్టావు! నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి మూత్రసంచిని రేపుతుంది. కాస్త చేరగానే పరుగెత్తాలనిపిస్తుంది. నువ్వేమో ఎందుకైనా మంచిదని ప్రతి పీరియడ్‌కీ వెళ్లొస్తావు. 300, 400 మిల్లీలీటర్ల దాకా ఓర్చుకోగల సంచి కొన్నాళ్లకు ఆ కొంచానికే అలవాటు పడిపోతుంది. పైగా మలబద్ధకం. ముక్కిన ప్రతిసారీ కాన్పులో సాగిన కండరాల మీదే ఆ భారమంతా. పాలిచ్చేదానివి, రోజుకు రెండు, రెండున్నర లీటర్లు తాగు. ఒకేసారి గటగటా కాదు, కొంచెం కొంచెంగా. మూత్రం లేత గడ్డిరంగులో ఉంటే సరిపోయినట్టే. టీలు తగ్గించు. ఇప్పుడు గంటకోసారి వెళ్తుంటే గంటంపావు ఆగు, అది అలవాటయ్యాక ఇంకో పావుగంట. మూడు గంటలకు చేరితే చాలు.

ఇక మూత్రాన్ని ఆపి ఉంచే ఆ కింది కండరాలకు సాధన. గాలి పోకుండా ఆపుకున్నట్టు వెనక నుంచి ముందుకు బిగించి, లోపలికీ పైకీ లాగాలి. కొంతమంది పైకి లాగడానికి బదులు కిందికి ముక్కుతారు, దాంతో ఉన్నదీ చెడుతుంది. అద్దం పెట్టుకుని చూడు: మలద్వారానికీ యోనికీ మధ్య చోటు లోపలికి పోవాలి. బయటికి ఉబ్బితే తప్పు. ఊపిరి బిగబట్టినా, పిరుదులు గట్టిపడినా తప్పే. మొదట నాలుగు సెకన్లు బిగించి, అంతసేపూ వదులు. ఇలా ఎనిమిదిసార్లు, రోజుకు మూడు పూటలా. మెల్లగా పది సెకన్లకు పెంచు. కనీసం మూడు నెలలు మానకూడదు. వారం చేసి గుణం లేదని ఫోన్ చేస్తే తిడతాను. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయకు, సంచి పూర్తిగా ఖాళీ కాదు.

ముక్కులో తుమ్ము గిలిగింత మొదలవగానే బిగించెయ్. నోటుపుస్తకాల కట్ట ఎత్తేముందూ అంతే.

ఆరు నెలలైనా తగ్గలేదు కాబట్టి గైనకాలజిస్టుకు చూపించుకో, కండరం సరిగ్గా బిగుస్తోందో లేదో పరీక్షించమని నోరు తెరిచి అడుగు. మంట, జ్వరం, రక్తం కనిపించినా, కింద ఏదో జారినట్టున్నా, తుమ్మూ దగ్గూ లేకుండానే రాత్రీపగలూ కారుతున్నా ఆ రోజే వెళ్లు.

మీ ఆయనకు కూడా చెప్పలేదట, పిచ్చిపిల్లా. నలుగురు ఆడవాళ్లున్న చోట అడిగి చూడు, ఒకరికైనా ఉంటుంది.

స్టాఫ్ మరుగుదొడ్డి తాళం ఎవరి దగ్గరుంటుందో మొదటిరోజే కనుక్కో. మీ అమ్మతో లీటరు సీసా పంపుతున్నాను. ఐదో తరగతిలోలా మూత పోగొట్టకు.

మీ పెద్దమ్మ