ఆ నల్ల కుండకు రంగు వేయలేదు

ప్రశ్న: న్యూమెక్సికోలో ఉంటున్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు శాంటా ఫేలో చిన్న నల్ల కుండ ఒకటి కొన్నాం. అద్దంలా మెరుస్తోంది. సారె లేకుండా చేత్తోనే చేశానని అమ్మినావిడ చెప్పింది, నమ్మొచ్చా? ఆ నల్లరంగు ఏమిటి? నీళ్లు పోసి పూలు పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ముందు చివరిదానికి చెప్తానమ్మా, నీళ్లు మాత్రం పోయకండి. తక్కువ వేడిలో కాల్చిన కుండ కాబట్టి నీళ్లు పీల్చుకుంటుంది, ఆ మెరుపు పోతుంది, మళ్లీ తెప్పించలేం.

ఆవిడ మాట నమ్మొచ్చు. అక్కడి స్థానిక తెగలైన ప్యూబ్లోల కుమ్మరులు సారె వాడరు. చేగోడీలకు పిండిని తాడులా పొడుగ్గా చేస్తాం కదా, అలాగే మట్టిని చేసి, చుట్ట మీద చుట్ట పేర్చి, వేళ్లతో అతికి, సొరబుర్ర ముక్కతో గీకి పల్చన చేస్తారు. కాల్చేటప్పుడు పగలకుండా ఆ మట్టిలో ముందే అగ్నిపర్వతాల బూడిద కలుపుతారు, అకోమా ఊళ్లో అయితే పాత కుండపెంకులే నూరి కలుపుతారు, అంటే పాత కుండ కొత్త కుండలోకి వచ్చేస్తుందన్నమాట. నాకు ఈ పద్ధతంటే చాలా ఇష్టం.

ఇక నలుపు. అది రంగు కాదు. ఆరిన కుండకు ఎర్రమట్టి నీళ్లు పూసి, ఆ తడి ఆరిపోయేలోపు నున్నటి ఏటిరాయితో ఆపకుండా రుద్దుతారు, మధ్యలో చెయ్యి ఆగితే మచ్చ పడుతుంది. ఆ రాళ్లను తల్లులు కూతుళ్లకు ఇస్తారు. తర్వాత ఆరుబయట కట్టెలు, పిడకలతో కాలుస్తూ, మంట బాగా అందుకున్నాక మెత్తటి ఎండుపేడ పొడి గుమ్మరించి గాలి అందకుండా కప్పేస్తారు. గాలి లేక, పొగ పట్టి, మట్టిలోని ఇనుము వల్ల ఎర్రగా తేలాల్సిన కుండ నల్లబడుతుంది. కప్పకపోతే అదే కుండ ఎర్రగానే ఉంటుంది!

నున్నటి నలుపు మీద మెరుపు లేని నల్లటి ముగ్గులా డిజైన్ ఉంటే, ఆ పద్ధతి శాన్ ఇల్డెఫాన్సో ఊరి మరియా మార్టినెజ్, ఆమె భర్త జూలియన్ కలిసి 1919 ప్రాంతంలో తెచ్చింది. కుండ ఆమె చేసేది, బొమ్మ ఆయన వేసేవాడు. 1980లో చనిపోయిన మరియా తన పనిని దాచుకోలేదు, ఊళ్లో వాళ్లకు నేర్పింది, ఆ ఊరు కుండల మీద బతికింది. నా దృష్టిలో ఆమె గొప్పతనం అక్కడే ఉంది.

మళ్లీ కొనేటప్పుడు చేసినవాళ్ల పేరు, ఊరు అడగండి. అచ్చులో పోసిందా, చేత్తో చుట్టిందా, కరెంటు కొలిమిలో కాల్చిందా అని కూడా అడగొచ్చు, చేత్తో చేసినవాళ్లు సంతోషంగా చెప్తారు. స్థానిక తెగలవాళ్లు చేశారని అబద్ధం చెప్పి అమ్మితే అక్కడ నేరం, 1990లో చట్టమే వచ్చింది.

దుమ్ము పడితే పొడి మెత్తటి గుడ్డతో తుడవండి, చాలు. పొయ్యి మీద పెట్టే కుండే కావాలనుంటే టావోస్, పికురిస్ వైపు అభ్రకం మెరిసే వంటకుండలు చేస్తారు, ఈసారి అవి చూడండి.