పోటీ తేదీ తేలడం లేదు, పాప కెమెరా ఆపేస్తోంది

ప్రశ్న (కరోనా రోజుల్లో వచ్చింది): మా అమ్మాయికి పన్నెండేళ్లు. ఆరేళ్లుగా డాన్స్ నేర్చుకుంటోంది. కరోనా వల్ల స్టూడియో మూసేశారు, పోటీ రెండుసార్లు వాయిదా పడింది. మూడో తేదీ ఇచ్చారు గానీ నమ్మకం లేదు. ఎంట్రీ ఫీజు, కాస్ట్యూమ్ డబ్బు కట్టేశాం. అలవాటు తప్పకూడదని రోజూ రెండు గంటలు హాల్లో టైల్స్ మీద ప్రాక్టీస్ చేయిస్తున్నాను. ఇప్పుడు మోకాలి కింద నొప్పంటోంది. జూమ్ క్లాసులో కెమెరా ఆపేసి, ‘ఎలాగూ జరగదుగా’ అంటోంది. మావారు మాన్పించేయమంటున్నారు. ఏం చేయను?

జవాబు: ముందు కాలు చూడండి, పోటీ తర్వాత. డాన్స్ స్టూడియో ఫ్లోర్ దూకినప్పుడు కాస్త కిందికి దిగి అదురును తాను తీసుకుంటుంది. టైల్స్ తీసుకోవు, ఆ దెబ్బంతా మోకాలి కింద ముందువైపు ఎముక మీదే పడుతుంది. యోగా మ్యాట్ వేసినా లాభం లేదు. తిరిగేటప్పుడు పాదం దానికి పట్టుకుని మోకాలు మెలిపడుతుంది. ఆ ఎముక లోపలి అంచు వెంట వేలితో నొక్కి చూడండి. నొప్పి ఎముక పొడుగునా పరుచుకుని ఉంటే ఎక్కువగా అది శ్రమ ఎక్కువై వచ్చిందే. ఒకేచోట, వేలిమొనంత జాగాలో సలిపినా, పడుకున్నప్పుడు కూడా నొప్పున్నా ఎముకలో సన్నటి చీలిక ఉండొచ్చు. అప్పుడు ఆగకుండా ఎముకల డాక్టరుకు చూపించాలి. ఏదైనా సరే, ఇంట్లో దూకుళ్లు ఈ రోజుతో బంద్.

ఇక కెమెరా. చాలామంది పిల్లలు ఒక్కసారిగా పొడవు సాగే వయసిది. ఎముకలు ముందు పెరిగి కండరాలు వెనకబడతాయి, నిన్నటిదాకా వచ్చిన స్ప్లిట్ (కాళ్లు పూర్తిగా చాపి నేలకు ఆనించడం) రాదు, గిర్రున తిరిగేటప్పుడు తూలుతుంది. అది తన తప్పు కాదని పిల్లకు తెలియదు. పైగా జూమ్‌లో పాట ఆలస్యంగా చేరుతుంది, తాళం తప్పినట్టు కనపడుతుంది. ఇదంతా తన బొమ్మలోనే చూసుకుంటూ ఆడాలి! జూమ్‌లో ‘హైడ్ సెల్ఫ్ వ్యూ’ పెట్టండి, తన బొమ్మ తనకు కనపడదు, టీచరుకు, మిగతావాళ్లకు కనపడుతుంది. పెరుగుదల సంగతి కూడా పాపకు చెప్పండి.

‘ఎలాగూ జరగదు’ అన్న మాటను బద్ధకమనుకోకండి. రెండుసార్లు ఆశపడి దెబ్బతిన్నది, మూడోసారి ముందే తలుపు మూసుకుంటోంది. ‘తప్పకుండా జరుగుతుంది’ అని మీరంటే, జరగకపోతే మీ మాటా పోతుంది. ‘తేదీ ఇచ్చారు, మారొచ్చు, తెలిసిన రోజే నీకు చెప్తాను’ అనండి, చాలు. 2020 ఒలింపిక్స్ సైతం 2021కి వాయిదా పడ్డాయని ఒకసారి చెప్పొచ్చు, రోజూ చెబితే ఉపన్యాసమే. నిర్వాహకుల మెసేజ్‌లు వారానికి ఒకసారి, పాప లేనప్పుడు చూడండి.

నొప్పి తగ్గాక వారానికి మూడు రోజులు, రోజుకు నలభై నిమిషాలు చాలు. పది నిమిషాలు వార్మప్, తర్వాత పొట్ట, చీలమండల బలానికి వ్యాయామం, చివర్లో చేతులతో, నడకతో స్టెప్పులు గుర్తుచేసుకోవడం. వేరే ఒకరోజు తనకిష్టమైన పాటకు తనే ఆడుకోనివ్వండి, మీరు ఆ గదిలో ఉండకండి. స్టూడియో తెరిచాక మొదటి వారం మామూలులో సగం, దూకుళ్లు అన్నిటికన్నా చివర. పాపకు కోవిడ్ వచ్చి తగ్గి ఉంటే డాక్టర్ని అడిగాకే మొదలుపెట్టండి. ఆడేటప్పుడు ఛాతీనొప్పి, గుండెదడ, కళ్లు తిరగడం ఏదొచ్చినా ఆపేయాలి.

డబ్బు గురించి నిర్వాహకులను రాతపూర్వకంగా మూడు అడగండి: ఏ తేదీలోపు తప్పుకుంటే డబ్బు వెనక్కిస్తారు, వచ్చే ఏడాదికి జమ చేస్తారా, వయసు ఏ తేదీకి లెక్కిస్తారు. మూడోది చాలామంది మరిచిపోతారు. వాయిదాతో పాప పై వయసు విభాగంలోకి వెళ్లిపోవచ్చు. కాస్ట్యూమ్ చివరి కుట్టు పోటీకి రెండు వారాల ముందే వేయించండి, ఈలోగా కుట్టులోపల బట్ట వదిలి ఉంచండి.

మీవారిని భయపెడుతున్నది ఖర్చా, జబ్బా, పాప నొప్పా? అడిగి తెలుసుకోండి, దేని జవాబు దానికే ఉంది. డబ్బు వెనక్కిచ్చే గడువుకు వారం ముందు, ఇద్దరూ కలిసి తేల్చుకోవడానికి ఒకరోజు పెట్టుకోండి. గ్రూప్ డాన్స్‌లో ఒకరు తప్పుకుంటే వరసలన్నీ మళ్లీ కట్టాలి కాబట్టి టీచరుకూ ఆ రోజే చెప్పేయాలి. పాపను కూడా ఆ రోజే అడగండి, అప్పటిదాకా రోజూ కదపకండి. సోలో వద్దు, గ్రూప్ చాలు అనొచ్చు. అసలీ ఏడాది వద్దనొచ్చు. ఆ మాట వినడానికి మీరు సిద్ధపడ్డాకే అడగండి.