పీటిన్ ఉన్నంత మాత్రాన టాక్స్ కన్సల్టెంట్‌ని నమ్మొచ్చా?

మీరు అడిగినవి రెండు. హైదరాబాద్ నుంచి ఫోన్ చేసిన టాక్స్ కన్సల్టెన్సీ వాళ్లు "మేం ఐఆర్ఎస్ రిజిస్టర్డ్ అండీ, ఇదిగో మా పీటిన్" అంటున్నారు (ఐఆర్ఎస్ అంటే అమెరికా పన్నుల శాఖ, పీటిన్ అంటే రిటర్న్ వేసిపెట్టేవాళ్లకు అది ఇచ్చే నెంబర్), నమ్మొచ్చా? అసలు అమెరికాలో టాక్స్ రిటర్న్ వేసిపెట్టేవాళ్లకు లైసెన్స్ ఉండదా? రెండోదానికి ముందు జవాబిస్తే మొదటిది సగం తేలిపోతుంది.

ఫెడరల్ లైసెన్స్ అంటూ ఏదీ లేదు. కాలిఫోర్నియా, ఒరెగాన్ లాంటి కొన్ని రాష్ట్రాలు సొంతంగా నిబంధనలు పెట్టుకున్నాయి. నేనుండే టెక్సస్‌లో మాత్రం జుట్టు కత్తిరించాలంటే లైసెన్స్ కావాలి, డబ్బు తీసుకుని మీ 1040 (ఆదాయపు పన్ను రిటర్న్ ఫారం) నింపడానికి అక్కర్లేదు. పీటిన్ ఉంటే చాలు. ఆన్‌లైన్‌లో ఫారం నింపి ఇరవై డాలర్లలోపు కడితే వచ్చే నెంబర్ అది. ఏటా రెన్యూ చేసుకోవాలి, పరీక్షా గిరీక్షా ఏమీ ఉండదు. సోషల్ సెక్యూరిటీ నెంబర్ లేని విదేశీయులు కూడా తీసుకోవచ్చు. కాబట్టి మీకు ఫోన్ చేసినతను అబద్ధం ఆడకపోయి ఉండొచ్చు. అలాగని ఆ నెంబర్ వల్ల అతనికి పని వచ్చని కూడా అనుకోకండి.

నిజానికి 2011లో ఐఆర్ఎస్ అందరికీ పరీక్ష, ఏటా 15 గంటల చదువు తప్పనిసరి చేయబోయింది. షికాగోలో సొంతంగా ప్రాక్టీస్ చేసుకునే సబీనా లవింగ్, మరో ఇద్దరు కలిసి కోర్టుకెక్కారు. ఐఆర్ఎస్ ఆధారంగా చూపిన చట్టం ఎప్పటిదనుకున్నారు? 1884 నాటిది! సివిల్ వార్‌లో గుర్రాలు పోగొట్టుకున్నవాళ్ల తరఫున నష్టపరిహారం క్లెయిమ్‌లు నడిపే ఏజెంట్ల కోసం పుట్టిన చట్టం. రిటర్న్ నింపడం వేరు, ఒకరి తరఫున వకాల్తా పుచ్చుకోవడం వేరు అని 2013లో జిల్లా కోర్టు ఐఆర్ఎస్‌ని ఆపేసింది, 2014లో అప్పీల్స్ కోర్టు కూడా అదే చెప్పింది. చట్టం ప్రకారం ఆ తీర్పు సరైనదేనేమో గానీ నష్టపోయింది మాత్రం మనలాంటివాళ్లే. అదే ఏడాది జీఏఓ (ప్రభుత్వ శాఖల పనితీరు తనిఖీ చేసే సంస్థ) వాళ్లు మారుపేర్లతో 19 టాక్స్ ఆఫీసులకు వెళ్లి చూస్తే 17 చోట్ల రీఫండ్ లెక్క తప్పింది.

తప్పనిసరి చేసే దారి మూసుకుపోయాక, 2014లోనే ఐఆర్ఎస్ ఇష్టమున్నవాళ్లకు యాన్యువల్ ఫైలింగ్ సీజన్ ప్రోగ్రాం (ఏఎఫ్‌ఎస్‌పీ) అనే చదువు కార్యక్రమం పెట్టింది. నేను మొదలుపెట్టింది దాంతోనే. హెచ్4 ఈఏడీ (హెచ్1బీ వాళ్ల భార్య లేదా భర్తకిచ్చే పని అనుమతి) చేతికొచ్చాక ఇర్వింగ్‌లో ఒక చిన్న టాక్స్ ఆఫీసులో సీజన్ పనికి చేరితే, ఓనర్ "ముందు ఏఎఫ్‌ఎస్‌పీ చేసెయ్యమ్మా" అన్నారు. మొత్తం 18 గంటలు. అందులో ఆరు గంటల రిఫ్రెషర్, దాని చివర 100 ప్రశ్నలు, 70 శాతం వస్తే పాస్. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని రాసేదే కాబట్టి పెద్ద టెన్షన్ ఉండదు. అయినా ఆ ఏడాది మారిన రూల్స్ ఒకసారి కళ్లబడతాయి. తమంతట తాము కూర్చుని చదివినవాళ్లకూ అసలేమీ చదవనివాళ్లకూ ఆ మాత్రం తేడా ఉంటుంది. మనిషి నిజాయితీని మాత్రం ఏ సర్టిఫికెట్టూ తూచలేదు.

తర్వాత నేను ఈఏ రాశాను. ఈఏ అంటే ఎన్రోల్డ్ ఏజెంట్, ఐఆర్ఎస్ ఇచ్చే అర్హత. దానికి మూడు పేపర్లు, ఒక్కోదాంట్లో 100 ప్రశ్నలు, పాసయ్యాక మూడేళ్లకు 72 గంటల చదువు. ఈ మెట్లన్నీ మీకెందుకంటే, తేడా తెలిసేది ఐఆర్ఎస్ నుంచి లెటర్ వచ్చినప్పుడే. ఈఏ, సీపీఏ (మన సీఏ లాంటివాళ్లు), లాయరు మీ తరఫున ఎంత దూరమైనా వెళ్లి మాట్లాడగలరు. ఏఎఫ్‌ఎస్‌పీ ఉన్న మనిషి తాను సంతకం పెట్టిన రిటర్న్ గురించే, అదీ ఆడిట్ చేసే అధికారి లాంటివాళ్ల వరకే మాట్లాడగలడు. అప్పీల్స్‌కి, వసూళ్ల విభాగానికి వెళ్లలేడు. ఉత్త పీటిన్ మనిషికి ఆ మాత్రం కూడా లేదు.

మా ఆఫీసుకి ఒకాయన లెటర్ పట్టుకుని వచ్చాడు. ఎప్పుడూ ఇవ్వని విరాళాలు, లేని బిజినెస్ తాలూకు నష్టం చూపించి ఎవరో పెద్ద రీఫండ్ తెప్పించారు. వేసిపెట్టినవాళ్ల ఫోన్ ఎత్తేవాడు లేడు. పాత రిటర్న్ ప్రింట్ తీసి రెండో పేజీ అడుగు చూశాం. పెయిడ్ ప్రిపేరర్ పేరు, సంతకం, పీటిన్ ఉండాల్సిన గడిలో "సెల్ఫ్ ప్రిపేర్డ్" అని ఉంది. డబ్బు తీసుకున్నవాడు అక్కడ సంతకం పెట్టి తీరాలని చట్టం. కానీ ఐఆర్ఎస్ దృష్టిలో ఆ రిటర్న్ ఆయనే వేసుకున్నాడు. టాక్స్, వడ్డీ, పైన 20 శాతం పెనాల్టీ, అన్నీ ఆయన నెత్తినే పడ్డాయి.

హైదరాబాద్‌లో కూర్చుని పని చేయడంలో తప్పేమీ లేదు లెండి. పెద్ద అకౌంటింగ్ కంపెనీల అమెరికా టాక్స్ పని బోలెడంత అక్కడే నడుస్తుంది, ఈఏ పాసైనవాళ్లూ అక్కడ చాలామందే ఉన్నారు. అయితే ఇక్కడి ప్రిపేరర్ మీ కాగితాలు దేశం దాటించాలంటే ముందుగా మీ సంతకంతో రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. ఆ ఊసే లేకుండా "డబ్ల్యూ2 వాట్సాప్‌లో కొట్టండి సార్, రీఫండ్ ఎంతొస్తుందో ఫ్రీగా చెప్తాం" అన్నారంటే ఆగండి. డబ్ల్యూ2 అంటే మీ జీతం, అందులో పట్టుకున్న పన్ను చూపే కాగితం. రీఫండ్‌లో పర్సంటేజీ అడిగితే ఫోన్ పెట్టేయండి.

మీరు ఓపీటీ (చదువయ్యాక ఎఫ్1 స్టూడెంట్ వీసా మీదే చేసే ఉద్యోగం) నుంచి అక్టోబర్‌లో హెచ్1బీ ఉద్యోగ వీసాకి మారానన్నారు కాబట్టి ఒక చిన్న పరీక్ష మీరే పెట్టొచ్చు. "నాకు 1040 వేస్తారా, 1040ఎన్ఆర్ వేస్తారా?" అని అడగండి. మొదటిది పన్ను లెక్కలో రెసిడెంట్లకు, రెండోది నాన్ రెసిడెంట్లకు. పని తెలిసిన మనిషి వెంటనే జవాబు చెప్పడు. అమెరికాలో ఎప్పుడు దిగారు, ఎఫ్1 మీద ఎన్నేళ్లున్నారు అని ఎదురు ప్రశ్నలు వేస్తాడు. స్టూడెంట్‌గా ఐదు క్యాలెండర్ సంవత్సరాలు దాటకపోతే ఆ రోజులు లెక్కలోకి రావు, అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు ఉన్న రోజులతో రెసిడెంట్ కావడానికి కావాల్సిన 183 నిండవు, కాబట్టి మామూలుగా ఎన్ఆరే అవుతుంది. ఇండియా స్టూడెంట్లకు టాక్స్ ఒప్పందం కింద స్టాండర్డ్ డిడక్షన్ వస్తుందన్న సంగతి కూడా అతనే ఎత్తాలి. ఏమీ అడక్కుండా "మామూలు 1040 వేసేద్దాం అండీ, రీఫండ్ ఎక్కువొస్తుంది" అన్నాడంటే మీకు జవాబు దొరికినట్టే.

వాళ్లతో మళ్లీ మాట్లాడితే, రిటర్న్ మీద సంతకం పెట్టేది ఎవరో పేరు చెప్పమనండి. చెప్తే ఐఆర్ఎస్ వెబ్‌సైట్‌లో ప్రిపేరర్ల డైరెక్టరీ ఉంది, అందులో వెతకండి. ఈఏలు, సీపీఏలు, లాయర్లు, ఏఎఫ్‌ఎస్‌పీ చేసినవాళ్లు అందులో కనిపిస్తారు. ఉత్త పీటిన్ వాళ్లు కనిపించరు. పోయినేడాది కూడా వాళ్లతోనే వేయించి ఉంటే ఆ పీడీఎఫ్ రెండో పేజీ ఇప్పుడే తెరవండి. గడి ఖాళీగా ఉంటే ఫారం 14157 మీద ఫిర్యాదు చేయొచ్చు. లెక్కలు కూడా తేడాగా ఉంటే లెటర్ వచ్చేదాకా ఆగకుండా 1040ఎక్స్‌తో సరిదిద్దించుకోండి. అది ఎన్ఆర్ రిటర్న్ అయినా వాడేది అదే ఫారం.