బ్రెడాల్బేన్ చూడబోతున్న సౌజన్యకు

సౌజన్యా,

మీ అమ్మ ఫోన్ చేసింది. "అక్కా, అది ఆర్కిటిక్‌లో మంచు కింద మునిగిపోయిన ఓడ చూడ్డానికి పోతానంటోంది, నువ్వైనా చెప్పవే" అని ఒకటే టెన్షన్. వద్దని నీకు చెప్పాలని తన ఉద్దేశం. నేను వద్దనడం లేదు, వెళ్లు. కానీ డబ్బు కట్టేముందు ఇది మొత్తం చదువు. మంచు డైవింగ్‌లో నేను నీళ్లలోకి దిగినదానికంటే గట్టు మీద నిలబడి డైవరుకు కట్టిన తాడు పట్టుకున్నదే ఎక్కువ. అందుకే నేను చెప్పేవన్నీ పైనున్న మనిషి చెప్పే మాటలే.

ముందు ఒకటి ఖాయం చేసుకో. నువ్వు ఆ ఓడ దాకా దిగవు. బ్రెడాల్బేన్ సుమారు 100 మీటర్ల లోతులో ఉంది. మనలాంటి సరదా డైవర్లకు గరిష్ఠ హద్దు 40 మీటర్లు. ఓడ ఉన్నచోట ఒత్తిడి పైనున్నదానికి పదకొండు రెట్లు. 1983లో మనుషులు అక్కడికి దిగారు నిజమే, కానీ లోపల మామూలు గాలి ఒత్తిడే ఉండే గట్టి లోహపు సూట్లలో దిగారు. ఓడ చుక్కాని చక్రాన్ని పైకి తెచ్చింది అప్పుడే. నీలాంటివాళ్లు చూడాలంటే మంచుకు కన్నం పెట్టి, కేబుల్ కట్టిన కెమెరా రోబోను కిందికి పంపాలి. నువ్వు గుడారంలో తెర ముందు కూర్చుంటావు. "కాదండీ, మిమ్మల్నే ఓడ దగ్గరికి దింపుతాం" అని ఎవడైనా అన్నాడా, వాడికి రూపాయి కట్టకు.

తెర మీద చూడ్డానికి అంత దూరం పోవాలా అంటావేమో. పోవాలనే అంటాను. కాకపోతే తయారై పోవాలి. నీళ్ల కింద కెమెరాకు ఒకసారికి కొద్ది మీటర్ల మేరే కనిపిస్తుంది. ఓడ బొమ్మ మనసులో లేకపోతే నీకు కనబడేది ఓ చెక్కముక్క, ఓ తాడు, మళ్లీ చీకటి. అది మూడు తెరచాప స్తంభాల ఓడ. 1843లో స్కాట్లండ్‌లో కట్టారు. రెండు స్తంభాలు నీళ్లలో ఇంకా నిటారుగా ఉన్నాయి. ఆ రకం ఓడ నమూనా గీతలు సంపాదించి, ముక్కు ఎటు, వెనకభాగం ఎటు అని కళ్లకు అలవాటయ్యేదాకా చూడు. నువ్వు టొరంటోలోనే ఉన్నావు కదా, వేసవిలో టొబర్‌మొరీ వెళ్లి స్వీప్‌స్టేక్స్ చూసి రా. 1885లో మునిగిన చెక్క ఓడ, ఆరు మీటర్ల లోతే. దాన్ని దగ్గరగా చూసినవాళ్లకు బ్రెడాల్బేన్ తెర మీద కూడా అర్థమవుతుంది.

కథ కూడా తెలుసుకుని వెళ్లు. 1845లో ఫ్రాంక్లిన్ అనే బ్రిటిష్ నౌకాధికారి, తనతో కలిపి మొత్తం 129 మందితో, రెండు ఓడలతో ఉత్తరం దారిన ఆసియాకు మార్గం వెతకబోయి మాయమయ్యాడు. వాళ్ల కోసం వెతికేవాళ్లకు సరుకులు మోసుకెళ్లిన ఓడ ఇది. 1853 ఆగస్టు 21న కెనడా ఆర్కిటిక్‌లోని బీచీ దీవికి దక్షిణంగా మంచు దాని పక్కను చీల్చేసింది. ఉన్న 21 మందీ మంచు మీదికి దూకారు. పావుగంటలో ఓడ మునిగిపోయింది. ఒక్కరూ చావలేదు, ఫీనిక్స్ అనే మరో ఓడ వాళ్లను ఎక్కించుకుంది. 1980లో కెనడా డైవర్ జో మెకినిస్ బృందం సోనార్‌తో, అంటే నీళ్లలోకి శబ్దం పంపి వెతికే పరికరంతో, దీన్ని కనిపెట్టేదాకా ఎవరూ చూడలేదు. విశాఖలో చెక్క పడవలను తొలిచే పురుగు ఉంది చూడు, ఆ చల్లటి నీళ్లలో అది బతకదు. అందుకే ఇన్నేళ్లయినా ఓడ ఓడలాగే ఉంది.

బయల్దేరాల్సింది కెనడా ఉత్తర కొసన నునావుట్ ప్రాంతంలో ఉన్న రెజొల్యూట్ ఊరి నుంచి. బీచీ దీవి అక్కడికి దాదాపు 90 కిలోమీటర్లు. స్నోమొబైల్ వెనక కట్టిన స్లెడ్జి మీద ప్రయాణం, నడుము విరుగుతుంది. ఏప్రిల్ చివర్లో వెళ్లు. మంచు గట్టిగా ఉంటుంది, రాత్రిళ్లు కూడా వెలుతురుంటుంది. అయితే ఓడ మునిగిన ఆ జలసంధిలో మంచు ఏటా ఒకే చోట గట్టిపడదు. కొన్నేళ్లు ఓడ ఉన్నచోటికి దగ్గరిదాకా తెరిచిన నీళ్లే ఉంటాయి. అప్పుడు అక్కడి గైడు "ఇవాళ కాదు" అంటాడు. గైడు ఇన్యూట్, అంటే అక్కడి ఆదివాసి. ఆయన కాదంటే కాదు. టికెట్ డబ్బులు, సెలవులు, టొరంటో నుంచి ఎంత దూరం వచ్చానో అన్న మాటలు ఆయన ముందు ఎత్తకు. మంచు రంగు, చప్పుడు చూసి ఆయన చెప్పేది నీ ఫోన్‌లోని ఏ యాప్ చెప్పలేదు.

అన్నట్టు, ఆ ఊరి గురించి కొంచెం చదువుకుని వెళ్లు. 1953లో ప్రభుత్వం దక్షిణాన ఇనుక్‌జువాక్ అనే ఊరి నుంచి ఇన్యూట్ కుటుంబాలను తెచ్చి అక్కడ దింపింది. వాళ్లకు ఆ చీకటీ, ఆ చలీ, ఆ వేటా అలవాటు లేదు. 2010లో కెనడా ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. నీకు టీ పోసే ముసలావిడ ఆ కుటుంబాల్లోది కావచ్చు. "ఇక్కడెలా ఉంటున్నారండీ" అని నవ్వుతూ అడిగే ప్రశ్న అది కాదు.

ఇక చలి. లోపలిపొర ఉన్నిదే వేసుకో, కాటన్ ఒక్క ముక్క కూడా వద్దు. చెమట పట్టిందంటే ఆగు, పైపొర విప్పు, తడిసిన తర్వాత ఏ జాకెట్టూ కాపాడదు. ఫోన్ లోపలి జేబులో పెట్టుకో, బయట ఉంటే బ్యాటరీ నిమిషాల్లో పడిపోతుంది. కెమెరాను వెచ్చటి గుడారంలోకి తెచ్చేముందు ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించు, లేకపోతే లోపల నీరు పడుతుంది. గుడారంలో హీటరుంటే గాలి ఆడేలా చూడమని నిర్మొహమాటంగా అడుగు. ఆ పొగకు వాసన ఉండకపోవచ్చు, మనిషిని మాత్రం తీసుకుపోతుంది. ఒంటికి వెళ్లాలన్నా ఒంటరిగా పోవద్దు, తుపాకీ ఉన్న మనిషికి చెప్పి వెళ్లు. అక్కడ ధ్రువపు ఎలుగులు తిరుగుతాయి. సిగ్గుపడేవాళ్లకు ఆర్కిటిక్ పనికిరాదు.

ఓడ తెర మీద చూసేసి, ఎక్కడైనా లోతు తక్కువ చోట మంచు కింద ఒక డైవ్ కొడతానంటే అది వేరే సంగతి. దానికి ముందే ఒంటారియోలో ఓ చలికాలం మంచు డైవింగ్ కోర్సు చెయ్యి. ఒంటికి నీరు తగలనివ్వని డ్రైసూట్‌లో తడబడకుండా ఉండాలి. సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ చలికి గడ్డకట్టి గాలి ఆగకుండా ఊదేస్తుంది. అందుకని రెండు వేర్వేరు రెగ్యులేటర్లుండాలి, నీళ్లలో ముఖం మునిగేదాకా వాటిలో ఊపిరి తీయకూడదు. తాడు సంకేతాలు ఒక్కో బృందంలో ఒక్కో రకం. నీకు తెలిసినవే అనుకోకు, నీ తాడు పట్టుకునే మనిషితో గట్టు మీదే పైకి చెప్పించుకుని సరిచూసుకో. కన్నం దగ్గర రెండో డైవరు పూర్తిగా తయారై కూర్చున్నాడా, లేక కాఫీ తాగుతున్నాడా అని చూడు. కాఫీ తాగుతుంటే దిగకు, మర్యాద గురించి ఆలోచించకు.

బీచీ దీవి మీద ఫ్రాంక్లిన్ మనుషుల సమాధులున్నాయి. అక్కడ రాయి, మేకు, డబ్బా ముక్క ఏదీ ముట్టుకోవద్దు. నునావుట్ చట్టం ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను.

చివరగా డబ్బు సంగతి. విమానాలు వాతావరణం బాగోక రోజుల తరబడి ఆగుతాయి, కనీసం వారం అదనంగా చేతిలో ఉంచుకో. విమాన అంబులెన్స్ కూడా వచ్చే బీమా తీసుకో. పెద్దాసుపత్రి నునావుట్ రాజధాని ఇకాలుయిట్‌లో, దాదాపు 1600 కిలోమీటర్ల దూరంలో. పాలసీలో "మంచు డైవింగ్‌కు వర్తించదు" అన్న వాక్యం ఉందేమో వెతుకు, చాలావాటిలో ఉంటుంది. తేదీలు ఖాయం కాగానే నాకు పంపు. నీ బూట్ల సైజు కూడా రాయి, నా పాత చలిబూట్లు బాగానే ఉన్నాయి, కొత్తవి కొనకు. మీ అమ్మకు నేను చెప్పుకుంటాలే.

మీ పెద్దమ్మ