కోడలు పిల్లా, స్రాగెన్ వెళ్ళే ముందు ఇది చదువు

ఒసేయ్ కోడలు పిల్లా,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి నువ్వు పొలం ఎలకల మీద పిహెచ్‌డి పనికి ఇండోనేషియాలో జావా వెళ్తున్నావని, అదీ స్రాగెన్ జిల్లాలో పల్లెటూళ్ళో ఉంటావని చెప్తే ముందు ఎంత సంతోషమేసిందో, ఫోన్ పెట్టేశాక అంత గుబులు పుట్టింది. ఇంత దేశంలో నీకు ఆ స్రాగెనే దొరికిందా? మీ మావయ్య స్పిన్నింగ్ మాస్టర్‌గా చేసిన మిల్లు, మేం అద్దెకున్న ఊరు అన్నీ అక్కడే, మసారన్ పక్కన. ఆయన పొద్దున్నుంచి ఫోన్లో మ్యాప్ పెట్టుకుని ఈ సందు ఉందా, ఆ కాలవ ఉందా అని వెతుకుతానే ఉన్నాడు.

తెలిసిన విషయాలు గబగబా చెప్పేస్తా. రీసెర్చ్ పర్మిట్ బ్రిన్ నుంచి, అంటే వాళ్ళ ప్రభుత్వ పరిశోధన సంస్థ నుంచి, చేతికొచ్చాకే బయల్దేరు, టూరిస్ట్ వీసా మీద ఎలకల్ని లెక్కపెట్టకు. ఊళ్ళో దిగిన 24 గంటల్లో పాక్ ఆర్‌టీ దగ్గరకెళ్ళి పాస్‌పోర్ట్ కాపీ ఇవ్వాలి, అంటే మన వార్డు పెద్ద లాంటాయన. దోమతెర కొనుక్కో, డెంగీ ఉంటుంది. ఎలకల పని కాబట్టి మోకాళ్ళ దాకా గమ్‌బూట్స్ లేకుండా నీళ్ళల్లో దిగొద్దు, ఎలకల మూత్రం కలిసిన నీళ్ళతో వచ్చే లెప్టోస్పైరోసిస్ జ్వరం గురించి నీకు నేను చెప్పాలా. పెద్ద సంత వారానికోసారి కాదు, ఐదు రోజులకోసారి, లెగి, పహింగ్, పోన్, వగే, క్లివోన్ అని వాళ్ళ లెక్క వేరే, మనం ఆదివారం అనుకుని సంచి పట్టుకెళ్తే నాలుగు కొట్లుంటాయంతే.

మనుషుల సంగతి నాకు బాగా తెలుసు కాబట్టి అది చెప్తా. పెద్దాళ్ళలో మగాళ్ళని పక్డే, ఆడాళ్ళని బుడే అను, నీ ఈడు వాళ్ళలో మగాళ్ళని మస్, ఆడాళ్ళని ఎంబాక్ అను. ఎవరింటికెళ్ళినా చక్కెర పాకం లాంటి టీ ఇస్తారు, ఇచ్చీ ఇవ్వగానే ఎత్తి తాగేయకు, తాగమని చెప్పేదాకా ఆగాలి, చెప్పాక మాత్రం కొంచెమైనా తాగాలి. గొంతు తగ్గించు తల్లీ. మన గోదారోళ్ళం మామూలుగా మాట్లాడినా అక్కడ దెబ్బలాట అనుకుంటారు, నేనొకసారి పాలవాడితో బేరమాడితే సందులో వాళ్ళంతా తలుపులేసుకున్నారు. ఎవరింట్లోనైనా స్లామెతాన్ అంటే, అదే ఇరుగుపొరుగుని పిలిచి ప్రార్థన చేసి పెట్టే భోజనం, అన్నీ మానుకుని వెళ్ళు, ముందురోజు వంటకి సాయం వెళ్తే ఇంకా మంచిది. ఉల్లిపాయలు తరుగుతా కూర్చుంటే ఊరి విషయాలు వాటంతటవే వస్తాయి, నీ క్వశ్చనేర్‌తో ఒక్కటీ రాదు.

మన 1010 వరి రకానికి ఒక పేరెంట్ ఐఆర్64 అని నువ్వే చెప్పావు కదా ఓసారి, అదే ఐఆర్64 అక్కడ ఏళ్ళ తరబడి ఏలింది. అంతకుముందు మన తాతలు వేసిన ఐఆర్8 కి కూడా ఒకవైపు పేటా అని జావా రకమే. కాబట్టి నువ్వు పరాయి ఊరికేం పోవట్లేదులే. మీ నాన్న మొహం చూడాలి అసలు, పొలం గట్టు మీద పుట్టిన పిల్ల జావా వరి మడుల్లో పనికెళ్తోందని ఊరంతా చెప్పుకుంటున్నాడంట.

ఇక అసలు విషయం. రాత్రిళ్ళు గుడ్లగూబల్ని కూడా చూడాలంట కదా నువ్వు. దెమాక్ వైపు త్లోగోవెరు ఊళ్ళో చేసినట్టు పొలాల్లో స్తంభాల మీద గూళ్ళు కట్టి పెడుతున్నారు ఎలకలు తింటాయని. మనవాళ్ళు గుడ్లగూబ ఇంటి మీద వాలితే శాంతి చేయిస్తారు, వాళ్ళు పిలిచి ఇల్లిస్తున్నారు, తెలివైనోళ్ళు. కానీ మీ అమ్మ "రాత్రిళ్ళు" అన్న దగ్గరే నా బుర్ర ఆగిపోయింది, తర్వాత ఏం చెప్పిందో వినలేదు.

మా ఎదురింటి పక్డే గురించి నీకెప్పుడూ చెప్పలేదు. బక్కపల్చటి మనిషి, నోట్లో ఎప్పుడూ లవంగాల సిగరెట్టు, ఎకరం కూడా లేని పొలం, ఏడాదికి మూడు పంటలు. మూడు పంటలంటే ఎలకలకి మూడు పండగలు, పైగా ఒకళ్ళు ముందు నాటి ఒకళ్ళు వెనక నాటితే వాటికి తిండి ఏడాదంతా ఉంటుంది. ఆ ఏడు పొట్ట దశలో కొట్టేశాయి. గట్టు మీంచి చూస్తే పచ్చగానే ఉంది, లోపలికెళ్తే మధ్యలో గుండు కొట్టినట్టు ఉంది. మందు పెట్టాడు, ఊరంతా కర్రలు పొగ పట్టుకుని గ్రోప్యోకాన్ అని వేటాడారు, తగ్గలా. పంపుల కోసం పొలంలోకి కరెంటొచ్చింది కదా, ఇంకేముంది, ఆ లైన్ నుంచే మడి చుట్టూ తీగ లాగాడు. చిన్న చిన్న వెదురు పుల్లలు, వాటికి సన్నటి వట్టి తీగ, జానెడు ఎత్తు కూడా లేదు. వెదురు గడకి ఎర్ర బల్బు కట్టాడు, వెలిగితే కరెంటున్నట్టు, ఆరితే లేనట్టు. సాయంత్రం నన్ను తీసుకెళ్ళి మరీ చూపించాడు, ఆ బల్బుంటే చిన్నపిల్లాడు కూడా చావడు బూ, అంటే అమ్మా, అన్నాడు.

వానాకాలం. తెల్లవారుజామున సుబుహ్ అజాన్ అయ్యాక చచ్చిన ఎలకల్ని ఏరడానికెళ్ళాడు. బల్బు ఆరిపోయుంది. కొడుకు స్విచ్ తీసేశాడనుకుని దిగేశాడు. బల్బు మాడిపోయిందే గానీ తీగలో కరెంటు అలాగే ఉంది. కొడుకు చూసి నాన్నని లాగడానికి పరిగెత్తుతుంటే, మిల్లుకెళ్తున్న మీ మావయ్య బండి అక్కడే పడేసి వాణ్ణి నడుం పట్టుకుని గట్టు మీదే పడేశాడు, మెయిన్ తీసేదాకా వదల్లేదు. ఆ పిల్లాడు మీ మావయ్య చెయ్యి కొరికాడు కూడా. వాడు బతికాడు, పక్డే పోయాడు.

మూడో రోజు, ఏడో రోజు, నలభయ్యో రోజు, వందో రోజు, అన్నిటికీ వంటకెళ్ళా. ఎవ్వరూ తీగ మాటెత్తలేదు. పోలీసులు బ్యానర్లు కట్టారు, వేరే ఊళ్ళల్లో కేసులు కూడా పెట్టారు. అయినా తర్వాత పంటకి రెండు మడుల అవతల మళ్ళీ తీగ లేచింది. కోపమొచ్చింది గానీ తిట్టడానికి నోరు రాలేదే, పొట్ట మీదున్న పంట పోతే వాళ్ళకి అప్పు తప్ప ఏం మిగలదు. మన ఏజెన్సీ వైపు అడవి పందులకి పెట్టట్లా?

కాబట్టి విను. చీకటి పడ్డాక గట్టు మీద ఒంటరిగా అడుగు పెట్టావో, విమానమెక్కి వచ్చి నీ జుట్టు పట్టుకుని లాక్కొస్తా. తీగ ఉందా అని రైతుని మొహం మీద అడక్కు, తప్పని వాళ్ళకీ తెలుసు, నవ్వి లేదంటారు. నీళ్ళు వదిలే ఉలు-ఉలు అని ఒకాయన ఉంటాడు ఊళ్ళో, ఏ మడిలో రాత్రి ఏముంటుందో ఆయనకే తెలుసు. ఆయన్ని మంచి చేసుకో, ఆయన ముందు నడిస్తేనే వెనక నడువు, రానన్న రాత్రి నీ గుడ్లగూబలు ఎటూ పోవు. బల్బు ఆరుందని, జనరేటర్ చప్పుడు లేదని దిగొద్దు. ఎవరైనా పడిపోయి కనిపిస్తే ముట్టుకోకు, అరువు, ముందు మెయిన్ తీయించు. మీ గైడ్ డేటా తక్కువైందంటే నాకు ఫోనియ్యి, నేను మాట్లాడతా ఆయనతో.

ఉరుములప్పుడు మడిలో ఉండొద్దు, ఇదీ అంతే గట్టిగా చెప్తున్నా. బైక్ వెనకాల హెల్మెట్ లేకుండా ఎక్కకు. ఆదివారం ఖాళీ ఉంటే సంగిరాన్ మ్యూజియం చూడు, లక్షల ఏళ్ళ నాటి మనిషి ఎముకలు దొరికిన చోటు, మీ మావయ్య వచ్చిన చుట్టాన్నల్లా అక్కడికే ఈడ్చుకెళ్ళేవాడు.

వెళ్ళాక మొదటి వారంలోనే మా బుడేని, ఆ పక్డే భార్యని, చూసిరా. ఫోన్ నంబర్ వాట్సాప్‌లో పెడతా, నువ్వొస్తున్నావని చెప్పేశా కూడా. పక్డే సంగతి నువ్వెత్తకు, ఆవిడే చెప్తే విను. మాగాయ పట్టుకెళ్ళకు, ఆ పులుపు వాళ్ళకి పడదు. ఆత్రేయపురం పూతరేకులు తీసుకెళ్ళు, బెల్లం వేసినవి, అక్కడోళ్ళకి తీపంటే ప్రాణం. చెక్-ఇన్‌లో వేస్తే పొడైపోతాయ్, హ్యాండ్ లగేజీలో పైన పెట్టుకో.

మీ అత్త